కాటా మీద చాందినీ

మామిడిపెట్టె చెక్క ఒకటి,
బోరు వేసినప్పుడు మిగిలిన కేసింగు పైపు మూరెడు ముక్క.
పైపు మీద చెక్క, చెక్క మీద నేను.
దామలచెరువులో మా మిద్దె మీద
పొద్దున అయిదున్నరకి
ఇదీ నా గుర్రం.

ఇలియాస్ మొదటిరోజే చెప్పినాడు:
"మేడం, పట్టుకోవాల్సింది కళ్లెం కాదు, నడుము.
నడుము నిలబడితే చాందినీ నిలబడతాది."
చెప్పడం సులువు.
చైత్రం దాటితే చాందినీ పెళ్లికొడుకులది,
పాకాల నుంచి పీలేరు దాకా
ఒక్కో రాత్రికి ఒక్కో తలపాగా.
నేనేమో తోతాపురి లారీలదాన్ని.
కాటాగదిలో పొద్దస్తమానం అదే కుర్చీ,
అంకెలు, రసీదులు,
దేవుడిమీద ఒట్టేసి మరీ అబద్ధమాడే డ్రైవర్లు.
మూడు నెలలు జీను ఎక్కకపోతే
తొడలు మరిచిపోతాయి,
వెన్ను తడిసిన బస్తాలా కూలబడతాది.

అందుకే ఈ చెక్క.

మొదటివారం కుడిపక్కకి పడినాను.
రెండోవారం ఎడమపక్కకి.
చెల్లెలి కొడుకు లోహిత్ మెట్ల మీద కూర్చుని
"ఏడు, ఎనిమిది, పడిపోయినావు పెద్దమ్మా" అని
లెక్కల నోటుబుక్కు వెనక రాసిపెట్టినాడు.
పక్కమిద్దె దొరస్వామి
నోట్లో బ్రష్షు పెట్టుకునే అడిగినాడు:
"ఏందిమే, నలభై ఆరేళ్లకి సర్కసా?"
నవ్వితే పడతాను.
నవ్వలేదు.

తిరుపతి పోయి పెద్ద రబ్బరుబంతి కూడా తెచ్చినాను,
గాలి లేకుండా మడిచి, బస్సులో ఒళ్లో పెట్టుకుని.
సైకిలుషాపు రెడ్డెప్ప గాలి కొట్టినాడు,
డబ్బులు వద్దన్నాడు, కారణం మాత్రం కావాలన్నాడు.
బంతికి అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుంటే తెలిసింది
కదలకుండా ఉండటంలో
ఎన్ని చిన్నచిన్న కదలికలో.
బొటనవేలు చెప్పకుండానే మడమ వింటుంది.
ఊపిరి బిగబట్టినప్పుడల్లా
నేల మీదున్నాను.

జూన్ ఆఖరికి రెండొందలు లెక్కపెట్టించినాను.
లోహిత్ విసుగొచ్చి ఇడ్లీకి పోయినాడు.
నేనింకా పైపు మీదే.

ఆషాఢం వచ్చి పెళ్లిళ్లు ఆగినాయి.
ఒక ఆదివారం లారీలు కూడా పలచబడినాయి.
చాందినీ మీద మామిడితోపుల మధ్య మట్టిదారిలో
మెల్లగా పోతా ఉన్నాను.
బాగానే ఉంది. కొంచెం గర్వంగా కూడా ఉంది.
పనిలేని బ్యాండువాళ్లు
పల్ప్ ఫ్యాక్టరీ పక్క రేకులషెడ్డులో
కొత్తపాట నేర్చుకుంటున్నారని నాకేం తెలుసు?
డ్రమ్ము మీద రెండు దెబ్బలు.
చాందినీ చెవులు నిక్కబొడిచింది.
ముందుకాళ్లు ఎత్తి మొదలుపెట్టింది
మూడేళ్లు నేర్చిన పెళ్లిచిందు,
పూలజల్లు లేకుండా, పెళ్లికొడుకు లేకుండా,
పాత చుడీదారులో ఉన్న నన్ను పెట్టుకుని.

చెక్క గుర్తు రాలేదు, పైపు గుర్తు రాలేదు.
నడుము తానే పోయి ఆ అడుగుల్లో కలిసింది.
ఇలియాస్ చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చినాడు,
పడతానని.
పడలేదు.
నవ్వినాను కూడా.

అయితే ఒకటి.
చెక్క ఏనాడూ నన్ను పట్టించుకోలేదు.
నేను కుడికి ఒరిగితే అదీ కుడికే దొర్లేది, అంతే.
చాందినీ అట్లా కాదు.
చిందు మధ్యలో నేను రవ్వంత ఎడమకి జారితే
వీపు ఎడమకి జరిపి
నా కిందికి తెచ్చిపెట్టింది.
మిద్దె మీద నేను నేర్చుకున్నది సగమే.
మిగతా సగం
దానికి ముందే వచ్చు.

తిరిగొచ్చేటప్పుడు కాటా ఖాళీగా ఉండింది.
దిగకుండానే ఎక్కించినాను.
ఇలియాస్ గదిలోకి పోయి కిటికీలోంచి అరిచినాడు:
"నాలుగొందల ముప్పై. కాదు, ఇరవై.
మళ్లా ముప్పై. కదలొద్దు మేడం!"
కదల్లేదు.
కింద దాని ఊపిరి, పైన నాది.
అంకె నిలబడలేదు.
రసీదు కొట్టొద్దన్నాను.